ఎడమ చేత్తో రాసిన ఫిర్యాదులు

పెద్దనాయన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను విరుదునగర్ బస్టాండులో కోవిల్‌పట్టి బస్సు కోసం నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది మా అన్న. "నీ కళ్లతో చూసినావా?" అని అడిగాను. అడిగాక నాకే సిగ్గేసింది. అది నా మాట కాదు, పెద్దనాయన మాట. ఎవరు ఏ వార్త తెచ్చినా ఆయన ముందు అడిగేది అదే. పాల ధర పెరిగిందన్నా, పక్కింటివాళ్లకు మనవడు పుట్టాడన్నా, "నీ కళ్లతో చూసినావా?" అనేవారు. మా అన్న, "చూసినా పాపా. బయల్దేరి రా," అన్నాడు.

ఆయన మా నాన్నకు అన్న. సైన్యంలో సుబేదారుగా రిటైరయ్యారు. తుపాకీ పట్టిన రోజుల కంటే మెస్ నడిపిన రోజులే ఎక్కువని ఆయనే చెప్పేవారు. మెస్ అంటే ఒకే హోదా ఉన్న సైనికులు కలిసి భోంచేసే చోటు. కూర్చుని కబుర్లు చెప్పుకునే చోటు కూడా. ఊరికి తిరిగి వచ్చాక ఆయనకు అది లేకుండా తోచలేదు. కోవిల్‌పట్టిలో, ఎట్టయాపురం వెళ్లే రోడ్డు మీద, ఒక పాత పత్తి గోదాము మేడ అద్దెకు తీసుకుని కొందరు మాజీ సైనికులు ఆదివారం మధ్యాహ్నం మెస్ మొదలుపెట్టారు. కోవిల్‌పట్టి వాళ్లు సగం, విరుదునగర్ వాళ్లు సగం. పెద్దనాయన దానికి సెక్రెటరీ. మొదటి రోజు నుంచి చివరి దాకా ఆయనే.

నేను ఆ మెస్‌లోకి వెళ్లింది నా చేతిరాత వల్ల. కాన్వెంటులో సిస్టర్లు నేర్పిన గుండ్రటి రాత. నలుగురిలో నాకు మాట రాదు. బోర్డు మీద మెనూ రాసి, నోటీసు రాసి, ఒక మూల పుస్తకం పట్టుకుని కూర్చోవడానికి మాటలు అక్కర్లేదు. కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చాక కూడా ఆదివారాలు అక్కడే గడిపాను. ఈ తెలుగు అక్షరాలు కూడా నాకు అక్కడే వచ్చాయి. మావి తమిళ ఊళ్లు, ఇళ్లలో తెలుగు మాట్లాడతాం గానీ చదవం. పెద్దనాయన సికింద్రాబాదులో ఉన్నప్పుడు ఒక హవల్దారు దగ్గర చదవడం నేర్చుకున్నారట. మా తెలుగు విని అక్కడివాళ్లు నవ్వేవారట. "నవ్వనీ. మన మాట వాండ్ల అవ్వ మాట మాదిరి ఉండాదంట. అవ్వ మాట చెడ్డదా?" అనేవారు. తిరుత్తంగల్ ప్రెస్సుల్లో సరిగా అచ్చు పడని టపాసుల లేబుళ్లు ఆయన కట్టలుగా తెచ్చేవారు. వాటి వెనుక తెల్లవైపు తంబోలా ఆటకు గళ్లు గీసేవాళ్లం. మిగిలిన వాటి మీద నాకు అ, ఆ లు రాయించారు.

ఆయనకు అందరి మీదా అనుమానమే. పాలక్యాను మూత తీసి వాసన చూసేవారు. కాఫీపొడి డబ్బా మీద లోపలి మట్టానికి సరిగ్గా పెన్సిలు గీత ఉండేది. గ్యాస్ సిలిండరు వస్తే రెండు చేతులతో ఎత్తి ఊపి చూసేవారు. కూరగాయల వాడు అడగకుండానే ధర తగ్గిస్తే ఆ రోజు కొనేవారు కాదు. "వీడు ఏంటికి తగ్గించినాడు?" అని మెట్లు ఎక్కేదాకా గొణిగేవారు. తలుపుకు వీపు పెట్టి ఆయన కూర్చోవడం నేను చూడలేదు.

మెస్‌లో రెండు నియమాలు గట్టివి. మొదటిది, టోపీ పెట్టుకుని భోజనం గదిలోకి రాకూడదు. రెండోది ఆయన పెట్టింది: మెస్‌లో తెలుగు మాట్లాడకూడదు. నియమం తప్పినవాళ్లు గుమ్మం దగ్గరున్న ఇత్తడి గంట కొట్టి, అందరికీ తమ చేత్తో టీ పోయాలి. రెండో నియమం ఎందుకంటే, మెస్ వంటాయన కూడా మా భాషవాడు. ఊరు తాయిల్పట్టి. అక్కడ అందరూ చేసే టపాసుల పని వద్దని వాళ్లమ్మ సైన్యంలో వంటకు పంపింది. "మందు కాడ వేండా అని పంపించింది. వాండ్లు నన్ను నేరుగా ఫిరంగి రెజిమెంటులో వేసినారు," అని నవ్వేవాడు. సెక్రెటరీ, వంటాయన వంటింట్లో తెలుగులో మాట్లాడుకుంటే తెలుగు రాని మిగతావాళ్లకు ఏమనిపిస్తుందో పెద్దనాయనకు తెలుసు. అందుకని వాళ్లిద్దరూ తమిళంలోనే మాట్లాడుకునేవారు. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాక మాత్రం వంటాయన "అన్నా" అని పిలిచేవాడు.

కొన్నేళ్లకు మెస్ పలచబడింది. ఒకాయనకు మోకాళ్లు, ఒకాయనకు టీవీ, ఇంకొకాయనకు కోడలు వండే చేపల కూర. ఆదివారం ముప్పై ప్లేట్లు పడితేనే అద్దె, వంటాయన జీతం గడుస్తాయి. ప్లేట్లు పద్నాలుగుకు వచ్చాయి. తంబోలాకు బహుమతిగా కడలైమిఠాయి, అంటే వేరుశెనగ పట్టీ, పెట్టారు. రెండు వారాలు నలుగురు ఎక్కువ వచ్చారు, తరువాత మళ్లీ మానేశారు. గుమ్మం పక్కన బల్ల మీద ఒక సలహాల పుస్తకం ఉండేది. ఏ మెస్‌లోనైనా ఉంటుంది. అందులో ప్రతి ఆదివారం ఎవరో ఒకరు 'అంతా బాగుంది' అని రాసి సంతకం పెట్టేవారు. ఒకసారి పుస్తకం ఇంటికి తెచ్చి, ఆ పేజీలు చూపించి పెద్దనాయన నాతో, "అంతా బాగుండాది అని రాసినారంటే ఆ మెస్‌కు పాడె కట్టొచ్చు పాపా," అన్నారు.

ఆ తరువాతి నెలలో పుస్తకంలో సంతకం లేని ఫిర్యాదులు మొదలయ్యాయి. అన్నీ తమిళంలో, వంకర రాతలో. 'విరుదునగర్ సభ్యులు కూర్చునే బల్లకే ఫ్యాను ఉంది. ఎందుకు?' 'కోవిల్‌పట్టి సభ్యులకు అప్పడాలు రెండు. మాకు ఒకటి. లెక్క పెట్టాను.' 'తంబోలా అంకెలు పిలిచే ఆయన తన భార్య టికెట్ వైపు చూసి పిలుస్తున్నాడు.' మొదటిది చదివి నవ్వారు. రెండోది చదివి అప్పడాలు లెక్కపెట్టుకున్నారు. మూడోది చదివాక తంబోలా పిలిచే ఆయన కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుని పిలిచాడు. ఎవరు రాశారు? రాసినవాడే మరుసటి వారం రాకుండా ముఖం చాటేస్తాడని అనుకునేవారు కాబట్టి అందరూ రావడం మొదలుపెట్టారు. మోకాళ్ల ఆయన మనవడి బండి మీద వచ్చాడు. ప్లేట్లు ముప్పై దాటాయి. అద్దె సకాలంలో కట్టాం. వంటాయన జీతం కొంచెం పెంచారు.

ఎవరు రాస్తున్నారో నాకు నాలుగో ఫిర్యాదుకే తెలిసింది. నేను పుట్టుకతో ఎడమచేతి దాన్ని. ఒకటో తరగతిలో సిస్టర్ నా ఎడమ చేతిని చేతిరుమాలుతో బల్లకు కట్టి కుడి చేత్తో రాయడం నేర్పించారు. ఎడమ చేత్తో రాస్తే అరచేయి అంచు తడి సిరా మీదుగా వెళ్తుంది. అక్షరాలు మసకబారతాయి, చేతికి నల్లటి చార పడుతుంది. పుస్తకంలో అక్షరాలన్నీ కుడివైపు మసకగా ఉన్నాయి. ఆ రోజు టీ గ్లాసు అందుకుంటున్న పెద్దనాయన ఎడమ అరచేతి అంచున, చిటికెన వేలి నుంచి మణికట్టు దాకా, సిరా చార ఉంది. ఆయన కుడిచేతి మనిషి.

నేను ఆ చార వైపు చూశాను. ఆయన నన్ను చూశారు. చెయ్యి జేబులో పెట్టుకున్నారు.

రోడ్డు మీదికి వచ్చాక, "ఎవరితోనైనా చెప్పినావా?" అని అడిగారు.

"లేదు."

"సందేగం ఉండే మనిషి ఇంటికాడ కూర్చోలేడు పాపా. హోటలుకు ఆకలి ఉండేవాడు వస్తాడు. మెస్‌కు మాట ఉండేవాడు వస్తాడు. మాట లేకుంటే మనమే పెట్టల్ల." కాసేపు నడిచి, "తప్పా?" అన్నారు.

నాకు అది సరదాగానే ఉంది. ఆ సరదాలో నాకూ వాటా ఉందని ఇప్పుడు ఒప్పుకోవాలి.

తప్పు ఆ తరువాత జరిగింది. ఒక ఆదివారం పుస్తకంలో ఈ మాటలు ఉన్నాయి: 'పోయిన వారం మటన్ కొళంబులో ముక్కలు తక్కువ. ముక్కలు ఎక్కడికి పోతున్నాయో తాయిల్పట్టి బస్సును అడగాలి.'

ఫ్యాను మీదా అప్పడాల మీదా రాసినవి సభ్యులు ఒకరినొకరు అనుకునే మాటలు. ఇది అలాంటిది కాదు. తాయిల్పట్టి బస్సు ఎక్కేది ఒక్క వంటాయనే. ప్రతి ఆదివారం ఒక గుడ్డ సంచితో ఎక్కుతాడు. ఆ సాయంత్రం ఇద్దరు సభ్యులు మెట్ల మీద ఆయన్ని ఆపి సంచి తెరవమన్నారు. నేను పైమెట్టు మీద ఉన్నాను. వంటాయన వాళ్ల ముఖాలు చూసి, ఏమీ అనకుండా సంచి బోర్లించాడు. వంటింటి తుండుగుడ్డలు పడ్డాయి. జిడ్డువి, తడివి. వారం వారం వాళ్లావిడ ఉతికి పంపేది. గుడ్డలు తెల్లగా ఎలా ఉంటున్నాయని మేమెవరమూ ఎప్పుడూ అడగలేదు.

ఆయన ఒక్కొక్కటీ ఏరి మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు. ఆయన వీధి మలుపు తిరిగాక సంచి తెరిపించినవాళ్లలో ఒకాయన అన్నాడు: "ఇవాళ పుస్తకం చూసి జాగ్రత్తపడ్డాడు, ఏమీ తీసుకెళ్లలేదు. పోయిన వారం చూసి ఉండాల్సింది."

వంటాయన్ని తీసేయడానికి తరువాతి ఆదివారం మీటింగు పెట్టారు. వారమంతా పెద్దనాయన ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. బుధవారం నేను వెళ్లాను. వాకిట్లో కూర్చుని కొబ్బరికాయలు ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నారు. ఊపిన కాయలే మళ్లీ ఊపుతున్నారు.

"చెప్పేయండి పెద్దనాయనా," అన్నాను.

"చెప్తే మెస్ పోతాది."

"చెప్పకపోతే ఆయన పోతాడు."

"మెస్ పోతే ఆయన కూడా పోతాడు కదా. పని ఉండదు కదా."

"పని పోవడం వేరే. దొంగ అని పోవడం వేరే."

అంత పెద్ద మాట నేను ఆయనతో అంతకుముందు అనలేదు. కొబ్బరికాయ కింద పెట్టారు. లోపలినుంచి పెద్దమ్మ, "పాప చెప్పేది వినండి. మీ తలకాయ కూడా ఒకసారి ఊపి చూసుకోండి, నీళ్లు ఉండాయా లేవా," అంది. ఆయన నవ్వలేదు.

మీటింగు రోజు అందరూ వచ్చారు. మెస్ ప్రెసిడెంటు ఒక ముసలి కెప్టెన్. సరిగా వినపడదు, కాబట్టి అందరూ అరిచే మాట్లాడేవారు. వంటాయన వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆ రోజు కూడా పొద్దున్నే వచ్చి ముప్పై ఆరు మందికి వండాడు.

పెద్దనాయన లేచి తమిళంలో చెప్పారు. "ఆ మాట రాసింది నేను. అబద్ధం రాశాను. ముక్కలు నేనే లెక్కపెట్టి వేయించాను, ఒక్కటి కూడా తగ్గలేదు. ఆ పుస్తకంలో సంతకం లేనివి చాలామటుకు నావే. వంటాయన తప్పు లేదు."

ఇక అంతా తేలిపోయిందనుకున్నాను. అప్పుడు కెప్టెన్ నెమ్మదిగా తల ఊపాడు.

"సెక్రెటరీ, మీ మనిషి కోసం నింద మీద వేసుకుంటున్నారు. పెద్ద మనసే. కానీ మేం చిన్నపిల్లలం కాదు."

"నిజం చెబుతున్నాను సార్."

"మీరిద్దరూ ఒక భాషవాళ్లు," అని వెనుక నుంచి ఎవరో అన్నారు. "మా ముందు తమిళం మాట్లాడతారు. మేం లేనప్పుడు ఏం మాట్లాడుకుంటారో ఎవరికి తెలుసు?"

ఇంకొకాయన, "ఇప్పుడు సెక్రెటరీ మీదా ఒక కన్ను వేయాల్సి వస్తుంది," అన్నాడు.

జీవితమంతా ఇతరుల మాట నమ్మని మనిషి. ఒక్కసారి నిజం చెబితే నమ్మేవాడు లేకపోయాడు. ఆయన వంటాయన వైపు చూశారు. వంటాయన నేల వైపు చూస్తున్నాడు. ఆయన నమ్మాడో లేదో కూడా తెలియలేదు.

నేను బోర్డు పక్కన చాక్‌పీసు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ గదిలో అన్నేళ్లలో నేను పైకి మాట్లాడింది లేదు. "ఎడమ చేత్తో రాయమనండి," అన్నాను.

"ఏమంటోంది ఆ అమ్మాయి?" అన్నాడు కెప్టెన్.

మళ్లీ చెప్పాను. ఆయనకు వినపడలేదు. మూడోసారి అరవాల్సి వచ్చింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఎడమ చేత్తో. ఆయన్ని. రాయమనండి."

పుస్తకం తెచ్చి ముందు పెట్టారు. పెద్దనాయన ఎడమ చేతిలోకి పెన్ను తీసుకుని ఆ రెండు వాక్యాలూ మళ్లీ రాశారు. అదే వంకర, అదే మసక. తాయిల్పట్టి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తరువాత రాశారు. కెప్టెన్ కళ్లద్దాలు పెట్టుకుని రెండు పేజీలూ పక్కపక్కన చూశాడు. అందరూ చుట్టూ మూగారు. పెద్దనాయన చెయ్యి తిప్పి అరచేతి అంచు చూపించారు. చార తడిగా మెరుస్తోంది.

ఒకాయన, "మరి నేను మెస్‌లో గురకపెడతానని రాసింది?" అన్నాడు.

"అది నేను కాదు," అన్నారు పెద్దనాయన.

"మీరు కాకపోతే ఎవరు?"

"నాకు తెలియదు."

అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరో పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. ఇది మీదా? కాదు. ఇది? ఇది నాదే. ఇది? కాదు. ఆయనవి కానివి తొమ్మిది తేలాయి. వాటికోసం ఆ రోజు సాయంత్రం దాకా కొట్లాడుకున్నారు. తరువాతి ఆదివారం నలభై ప్లేట్లు పడ్డాయి.

ఆయన మనస్సాక్షి కోసం చెప్పారా, లేక చెబితే ఇలా అవుతుందని ముందే లెక్కవేశారా అని నాకు ఇప్పటికీ అనుమానం ఉంది. ఆయన బతికి ఉంటే ఈ అనుమానానికి నన్ను మెచ్చుకునేవారు. కానీ ఒకటి నేను కళ్లతో చూశాను. ఆ రోజు కెప్టెన్ ఇచ్చిన తీర్పు ప్రకారం ఆయన గంట కొట్టి అందరికీ టీ పోశారు. మొదటి గ్లాసు వంటాయనకు ఇచ్చారు. ఇస్తూ, తన నియమం తానే తప్పి, అందరి ముందూ తెలుగులో అన్నారు: "తమ్ముడా, తప్పు చేసినా."

వంటాయన గ్లాసు అందుకుని గట్టు మీద పెట్టాడు. "ముక్కల మీద రాసింటే రాసినావు అన్నా. మా ఊరి పేరు ఏంటికి రాసినావు?"

టీ మీద మీగడ కట్టింది. గదిలో ఒకరు, "ఏమన్నాడు?" అని నన్ను అడిగారు. నేను చెప్పలేదు.

వంటాయన పని మానలేదు. తుండుగుడ్డలు మాత్రం ఇంటికి తీసుకెళ్లడం మానేశాడు. అవి నేను ఉతికేదాన్ని, అంత తెల్లగా రాలేదు. రోడ్డు మీద కూడా ఆయన పెద్దనాయన్ని "సెక్రెటరీ సార్" అని తమిళంలోనే పిలిచేవాడు. దాదాపు రెండేళ్లు. పెద్దనాయన ఆ పుస్తకంలో మళ్లీ ఒక్క మాట రాయలేదు. ఫిర్యాదులు వస్తూనే ఉండేవి. ఆయన చదివి, పక్కన కుడి చేత్తో 'చూశాను' అని సంతకం పెట్టేవారు.

చివరి నెలలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మాత్రలు దిండు మీద పరిచి లెక్కపెట్టేవారు. నర్సు ఇచ్చిన నీళ్లు వాసన చూసేవారు. ఒక మధ్యాహ్నం వంటాయన చారు క్యారియరుతో వచ్చాడు. పెద్దనాయన మూత తీసి వాసన చూశారు. ఒక గరిట తాగారు. "ఉప్పు ఎక్కువ," అన్నారు.

"పుస్తకంలో రాసుకో అన్నా," అన్నాడు వంటాయన.

పెద్దనాయన కళ్లు మూసుకుని, క్యారియరు ఖాళీ అయ్యేదాకా తాగారు. తరువాతి సోమవారం పోయారు.

ఆయన పోయాక మెస్‌లో అందరూ ఒకరితో ఒకరు మర్యాదగా ఉండటం మొదలుపెట్టారు. అది చూసి నాకు భయం వేసింది. పుస్తకంలో మళ్లీ 'అంతా బాగుంది' అని పడింది. ఆ తరువాతి వారం కూడా అదే. ప్లేట్లు ఇరవై రెండు, పద్దెనిమిది. అద్దె ఎలా కట్టాలని కెప్టెన్ నన్ను అడిగాడు. ఆ ప్రశ్న నన్ను అడిగేదాకా వచ్చిందంటే మెస్ ఇక ఎన్నాళ్లో ఉండదనిపించింది.

పోయిన ఆదివారం నేను వెళ్లేసరికి గుమ్మం దగ్గర గుంపు. కెప్టెన్ కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. పుస్తకంలో, సంతకం లేకుండా, పెద్ద పెద్ద అక్షరాల్లో: 'పోయిన వారం మటన్ కొళంబులో ఉప్పు ఎక్కువ. ముక్కలు తక్కువ. తాయిల్పట్టి బస్సు మీద ఒక కన్ను వేసి ఉంచడం మంచిది.'

అందరూ నా ఎడమ చేయి చూశారు. తిప్పి చూపించాను. శుభ్రంగా ఉంది. అయినా నమ్మినట్టు లేరు. "ఇంకెవరు?" అన్నాడు గురక ఆయన, పక్కాయన్ని చూస్తూ. "నన్నేం చూస్తావు? నువ్వు పోయిన వారం రెండుసార్లు ఉప్పు అడిగావు," అన్నాడు పక్కాయన. "ఎక్కువైతే ఎందుకు అడుగుతాను?" గొంతులు లేచాయి. ఎవరో ఫోన్ తీసి రాని వాళ్లను రమ్మని పిలుస్తున్నారు.

వంటాయన గరిట పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "ఏం రాశారు సార్?" అని తమిళంలో అడిగాడు. ముఖంలో ఏమీ లేదు.

కెప్టెన్ ఆ పేజీని ఇంకా దగ్గరగా చూడటానికి వంగుతున్నాడు. పేజీ కింది మూల, తిప్పేటప్పుడు వేలు పడే చోట, పసుపు మరక ఉంది. వేలి గీతలు కూడా కనిపిస్తున్నాయి. నేను పుస్తకం పట్టుకుని ఇస్తున్నట్టుగా ముందుకు వెళ్లి, ఆ మరక మీద నా బొటనవేలు పెట్టి, ఆయన చదవడం అయ్యేదాకా తీయలేదు.